‘రన్’ – ఒక చిన్న మాట, అనేక నడకలు

ఇంగ్లీషు భాషలో ‘రన్’ అనే మాట ఒకటి ఉన్నది. మూడే అక్షరాలు. ప్రాథమిక పాఠశాలలోనే మనము దానిని నేర్చుకొంటాము. ‘రన్ అనగా పరుగెత్తుట’ అని పదిమార్లు వ్రాసి, పదిమార్లు వల్లించి, ఇక ఆ మాటతో మనకు పని తీరినదని అనుకొంటాము. కాని పని తీరదు. పై తరగతులకు వచ్చిన కొద్దీ అదే మాట మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. వచ్చిన ప్రతిసారి వేరొక వేషంలో వస్తుంది. నది రన్ అవుతుంది. జలుబు చేసినవాని ముక్కు రన్ అవుతుంది. ఉతికిన చీర రంగు రన్ అవుతుంది. బస్సు, సినిమా, యంత్రం, ఒప్పందం అన్నీ రన్ అవుతాయి. బియ్యం ‘రన్ ఔట్’ అవుతాయి, క్రికెట్ ఆటగాడు కూడ ‘రనౌట్’ అవుతాడు. పరుగెత్తుట అనే ఒక్క అర్థాన్ని చేతబట్టుకొని ఈ వాక్యాలలోకి అడుగుపెట్టిన విద్యార్థికి దారి తోచదు.

దారి తోచకపోవడం అతని తప్పు కాదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు తొలి భాగం 1884లో వెలువడి, మొత్తం పని 1928లో ముగిసినది. 1989లో ఇరవై సంపుటాలుగా వచ్చిన రెండవ కూర్పులో అన్నిటికంటె పెద్ద వివరణ ‘సెట్’ అనే మాటకు దక్కినది. క్రియగా దానికి 430 అర్థాలు చూపినారు. ఆ తరువాత నిఘంటువును తిరిగి సవరిస్తూ వచ్చిన సంపాదకులు ‘రన్’ అనే మాట దగ్గరకు చేరేసరికి, ఒక్క క్రియగానే దానికి 645 అర్థాలు తేలినవి. ఈ సంగతి 2011లో పత్రికల ద్వారా లోకానికి తెలిసినది. ఆ ఒక్క మాటను పరిష్కరించడానికి పీటర్ గిల్లివర్ అనే నిఘంటుకారునికి తొమ్మిది నెలలకు పైగా పట్టినది. అనుభవజ్ఞుడైన పండితుడు ముక్కాలు సంవత్సరం కూర్చున్న మాట వద్ద మన విద్యార్థి ఒక నిమిషం తడబడితే ఆశ్చర్యమేమున్నది?

తడబడినవారిలో నేనూ ఒకడిని. ఆ సంగతి చెప్పిన తరువాతనే అసలు విషయంలోకి వెళ్ళడం న్యాయము.

మా నాన్నగారికి రోడ్డు ప్రక్కన అద్దె సైకిళ్ళ దుకాణం ఉండేది. నేను ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్న రోజులలో, ఒకనాడు తరగతిలో ఇంగ్లీషు ఉపన్యాసకులు ఒక్కొక్కరినీ లేపి, తండ్రి ఏమి చేస్తారో ఇంగ్లీషులో చెప్పమన్నారు. నా వంతు వచ్చినది. ‘మా నాన్న దుకాణం నడుపుతారు’ అని మనసులో అనుకొన్నాను. ఉర్దూలో ఆలోచించినా అదే మాట, ‘దుకాన్ చలాతే హైఁ’. నడుచుటకు ఇంగ్లీషు మాట నాకు తెలుసును. లేచి నిలబడి ధైర్యంగా ‘మై ఫాదర్ వాక్స్ ఎ షాప్’ అన్నాను. తరగతి గొల్లుమన్నది. దుకాణానికి కాళ్ళు ఎన్ని ఉన్నవని ఉపన్యాసకులు కూడ అడిగినారు. ఆ ఏడాది మరల ఆ తరగతిలో నేను నోరు విప్పలేదు. వెనుక బల్ల వదలి ముందుకు రాలేదు. సంవత్సరాంత పరీక్షలో ఇంగ్లీషు పేపరు తప్పినాను.

సరియైన వాక్యం ‘మై ఫాదర్ రన్స్ ఎ షాప్’ అని తరువాత ఎప్పుడో తెలిసినది. తెలిసిననాడు సంతోషం కలుగలేదు, సందేహం కలిగినది. నడవలేని దుకాణం పరుగెత్తగలదా? కాళ్ళు లేవని నవ్వినవారు, ఇంగ్లీషు దుకాణం ఏ కాళ్ళతో పరుగెత్తుతున్నదో ఎన్నడైనా ఆలోచించినారా? ఆ ప్రశ్నకు వెదుకుకొన్న సమాధానమే ఈ వ్యాసము.

మొదట అది నీటి మాట

‘రన్’ అనే మాట పుట్టుకను బట్టి చూస్తే, అది కాళ్ళకు ఎంత చెందినదో నీటికీ అంత చెందినది. ప్రాచీన ఇంగ్లీషులో దీని మూలరూపానికి పరుగెత్తుట, ప్రవహించుట అనే రెండు అర్థాలూ ఉండేవి. దీనికి జ్ఞాతి భాషయైన జర్మనులో నేటికీ ఈ రెండు అర్థాలకు దగ్గర దగ్గర రూపాలలో రెండు మాటలు కలవు: ‘రెనెన్’ అనగా పరుగెత్తుట, ‘రినెన్’ అనగా ధారగా కారుట. కనుక ‘మూసీ నది హైదరాబాదు గుండా రన్ అవుతుంది’ అని ఇంగ్లీషువాడు అన్నప్పుడు నదికి కాళ్ళు తొడగడం లేదు. మాటకు మొదటినుండి ఉన్న అర్థాన్నే వాడుతున్నాడు. ముక్కు కారడం, రంగు దిగడం, కొళాయి నీరు ధారకట్టడం, కన్నీరు చెంపల మీదుగా జారడం – ఇవన్నీ ఆ ఇంటి పిల్లలే. బావి ఎండితే ‘రన్ డ్రై’ అనడమూ అందుకే.

ఇది మనకు వింతగా తోచవలసిన పని లేదు. సరిగా ఇదే జంట అర్థాలు గల మాట తెలుగులో ఉన్నది. అది ‘పారు’. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ పారుతుంది. దాని ఉపనది ఈసీ పారుతుంది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచిన తరువాత, ఆ వరదను అదుపు చేయడానికి మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టినారు. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తి అయినవి. మొయినాబాదు ప్రాంతపు విద్యార్థులకు ఈ రెండు జలాశయాలను వేరుగా పరిచయం చేయనక్కరలేదు. చెరువు క్రింది పొలాన్ని ‘పారకం’ అంటాము. ఇదంతా నీటి సంగతి. మరి దొంగ ఏమి చేసినాడు? ‘పారి’పోయినాడు. అక్కడ పారినది నీరు కాదు, మనిషి. ‘పారు’ అనే మాటకు పరుగెత్తుట అనే అర్థం మన పాత కావ్యభాషలో నిండుగా ఉన్నది; నేటి వాడుకలో అది ‘పారిపోవు’ వంటి జంటపదాలలో నిలిచినది.

అంతటితో ఆగదు. చూపు పారినంత మేర పచ్చని పొలాలు అంటాము. అక్కడ పారినది చూపు. వాని పాచిక పారినది అంటాము. అక్కడ పారినది ఉపాయం. తెలుగు నేర్చుకొంటున్న ఒక విదేశీయుడు ‘పాచిక పారిపోయినది’ అని వ్రాస్తే మనము నవ్వుతాము. కాని అతడు చేసినది, నేను నా తరగతిలో చేసినది ఒకే పని. తెలిసిన ఒక్క అర్థాన్ని నమ్ముకొని తెలియని చోటికి నడిచినాము.

ఇంకొక చక్కని పోలిక చెప్పి ముందుకు సాగుతాను. ఒక కాగితాన్ని పైపైన చదివితే ఇంగ్లీషులో దాని మీద ‘కన్ను రన్ చేయడం’ అంటారు. ఉర్దూలో ‘నజర్ దౌడానా’ అంటారు. అనగా చూపును పరుగెత్తించడమే. తెలుగులో ‘పారజూచుట’ అంటాము. మూడు భాషలు మూడు చోట్ల పుట్టినవి. మూడింటిలోను చూపు పరుగెత్తినది.

వారు పరుగెత్తితే మనము నడుస్తాము

ఇక నా దుకాణం సంగతి. యంత్రయుగం వచ్చిన తరువాత ‘రన్’ అనే మాట బాగా విస్తరించినది. ఆవిరి యంత్రం తిరిగినా, మిల్లు పనిచేసినా, రైలు పోయినా ఇంగ్లీషువారు రన్ అనే మాటనే వాడినారు. యంత్రం ఆగక పనిచేయడం రన్ అయినప్పుడు, దానిని పనిచేయించేవాడు దానిని రన్ చేసేవాడైనాడు. యంత్రం నుండి కర్మాగారానికి, కర్మాగారం నుండి దుకాణానికి, దుకాణం నుండి పాఠశాలకు, పాఠశాల నుండి ప్రభుత్వానికి ఆ మాట ప్రాకినది. నిర్వహించుట అనే అర్థం ఇట్లు స్థిరపడినది.

మన భాషలూ అదే దారిన వచ్చినవి. కాని మనము ఎన్నుకొన్న మాట వేరు. ఇంగ్లీషువాడు పరుగెత్తిన చోటనల్లా తెలుగువాడు నడిచినాడు, ఉర్దూవాడు ‘చలా’ అన్నాడు. బస్సు నడుస్తుంది, ‘బస్ చల్తీ హై’. దుకాణం నడుస్తుంది, ‘దుకాన్ చల్తీ హై’. మిషను నడుస్తుంది, ‘మషీన్ చల్తీ హై’. కోర్టులో దావా నడుస్తుంది, ‘ముకద్దమా చల్ రహా హై’. 1874లో వాడి నుండి సికిందరాబాదుకు రైలు నడిచినప్పుడు, 1932లో నిజాం ప్రభుత్వ రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైనప్పుడు, ఇంగ్లీషు కాగితాల మీద అవి ‘రన్’ అయినవి. ప్రజల నోట మాత్రం నడిచినవి. వాహనం ఒకటే, వేగం ఒకటే. భాషను బట్టి అది పరుగెత్తుతుంది, లేదా నడుస్తుంది.

అధికారం సంగతి కూడ ఇంతే. ఒక ప్రభువు ఆజ్ఞ ఎంతవరకు చెల్లుతుందో అంతవరకు అతని ‘రిట్ రన్స్’ అని ఇంగ్లీషులో అంటారు. ఉర్దూలో ‘హుక్మ్ చల్తా హై’. తెలుగులో ‘ఆయన మాట నడుస్తుంది’. నాణెం సంగతి చూడండి: ‘సిక్కా చల్తా హై’, ‘ఈ రూపాయి నడవదు’. మన పరీక్ష రుసుము కట్టే ‘చలానా’ కూడ ఈ ‘చల్నా’ కుటుంబంలోనిదే.

మన తెలంగాణంలో ఈ రెండు భాషల పొత్తు ఇంకొక మెట్టు ముందుకు పోయినది. ‘ఈ కలం చాలునా?’ అని అడిగితే మనవారు ‘నడుస్తది’ అంటారు. సరిపోతుంది, ఫరవాలేదు అని భావము. ఇతర ప్రాంతాల తెలుగువారికి ఒక్క క్షణం అర్థం కాదు. కలం ఎక్కడికి నడుస్తుందని చూస్తారు. ప్రక్కనే ‘చలేగా’ అనే ఉర్దూ మాట వింటూ పెరిగినవారికి అందులో వింత లేదు. ఒక భాష నుడికారం మరొక భాషలోకి తరతరాల పొరుగుతనం వల్ల ఇట్లు వచ్చి స్థిరపడుతుంది. అట్టి నుడికారం రెండు ప్రక్కలా నేర్చిన విద్యార్థులు ఈ కళాశాలలో ఉన్నారు. ఇంగ్లీషు నేర్వడంలో ఇది వారికి అడ్డు కాదు, ఆసరా.

అయితే ఎక్కడబడితే అక్కడ ‘రన్’ను ‘నడుచు’గా మార్చినా పొరబాటే. హైదరాబాదు నుండి చేవెళ్ళకు పోయే రోడ్డు మర్రిచెట్ల నడుమ ‘రన్’ అవుతుంది. తెలుగులో రోడ్డు నడవదు, పోతుంది. ‘ఈ రోడ్డు ఎక్కడికి పోతుంది?’ అని అడుగుతాము. ఉర్దూలోను ‘యే సడక్ కహాఁ జాతీ హై?’ అంటారు. జ్వరం వస్తే ఇంగ్లీషువాడు ‘టెంపరేచర్ రన్’ చేస్తాడు; ఉర్దూలో బుఖార్ ‘చఢ్తా హై’, అనగా ఎక్కుతుంది; తెలుగులో జ్వరం కాస్తుంది. రోగి ఒకడే, మందు ఒకటే. క్రియలు మూడు.

ఎన్నికల మాట మరీ చిత్రమైనది. అమెరికావాడు పదవి కొరకు ‘రన్’ అవుతాడు. ఇంగ్లండువాడు అదే పనికి ‘స్టాండ్’ అంటాడు. మనము ఇంగ్లండువాని ప్రక్కన ఉన్నాము: ఎన్నికలలో ‘నిలబడినాడు’ అంటాము, ‘ఖడా హువా’ అంటాము. ఒకే ఇంగ్లీషు మాట్లాడే రెండు దేశాలలో ఒకచోట అభ్యర్థి పరుగెత్తుతుంటే, ఇంకొకచోట కదలక నిలబడి ఉన్నాడు. ఇక ఇంగ్లీషుకు ఒకే నియమం ఉన్నదని ఎవరు చెప్పగలరు?

వెంట వచ్చే చిన్న మాటలు

విద్యార్థులను ఎక్కువగా బాధించేవి ‘రన్’ వెనుక చేరే చిన్న చిన్న మాటలు. ఔట్, ఇంటూ, డౌన్, ఓవర్, షార్ట్ – విడివిడిగా చూస్తే చిన్న తరగతి మాటలు. కలిసినప్పుడు మాత్రం రెండింటిలో ఏదీ చెప్పని మూడవ అర్థం పుడుతుంది.

‘రన్ ఔట్’ అనగా నిండుకొనుట. బియ్యం నిండుకొన్నవి, ఓపిక నశించినది, గడువు తీరినది. క్రికెట్‌లో అదే జంట మాటకు, గీటు చేరకముందే వికెట్లు పడగా ఆట కోల్పోవుట అని అర్థము. ‘రన్ ఇంటూ’ అనగా ఢీకొనుట. అదే మాటకు అనుకోకుండా కలిసికొనుట అని కూడ అర్థము. ‘నిన్న చేవెళ్ళ సంతలో మీ అన్నను రన్ ఇంటూ చేసినాను’ అని ఇంగ్లీషులో ఉత్తరం వచ్చినదనుకొనండి. మొదటి అర్థమే తెలిసిన తమ్ముడు ఆసుపత్రికి బయలుదేరుతాడు. రెండవది తెలిసినవాడు కుశలం తెలిసినదని సంతోషిస్తాడు. లెక్క లక్షలలోకి చేరినా ‘రన్ ఇంటూ’ అనే అంటారు. ‘రన్ డౌన్’ సంగతి ఇంకా విపరీతము: బండి మనిషిని పడగొట్టుట, ఒకరిని నిందించుట, బ్యాటరీలో శక్తి తగ్గుట, మనిషి నీరసించుట, ఇల్లు పాడుపడుట – ఇన్నిటికీ అదే. ‘రన్ ఓవర్’ అనగా చక్రాల క్రింద త్రొక్కుట. పాఠాన్ని ఒకసారి తిరిగి చూచుకొనుటకు కూడ అదే మాట.

‘రన్ షార్ట్’ అనగా చాలకపోవుట. ఇక్కడ మన రెండు భాషలు ఒకే రీతిలో పలికినవి. ‘డబ్బులు తక్కువ పడినవి’, ‘పైసే కమ్ పడ్ గయే’. ఇంగ్లీషు డబ్బు పరుగెత్తి చాలకపోతే, మన డబ్బు పడి చాలకపోయినది.

ఇది ఇంగ్లీషువారు మనలను వేధించడానికి కల్పించిన తంటా అని కొందరు విద్యార్థులు అంటారు. మన ‘పారు’ను మళ్ళీ చూడండి. పారిపోవు అంటే తప్పించుకొనుట. పారవేయు అంటే విసరివేయుట. పారవేసికొను అంటే పోగొట్టుకొనుట. పారబోయు అంటే క్రుమ్మరించుట. పారజూచు అంటే దూరంగానో పైపైననో చూచుట. ‘నేను గొడుగు పారవేసినాను’, ‘నేను గొడుగు పారవేసికొన్నాను’ – ఈ రెండు వాక్యాలలో మొదటివాడు తెలిసి విడిచినాడు, రెండవవాడు తెలియక కోల్పోయినాడు. ‘కొను’ అనే చిన్న మాట ఎంత మార్పు తెచ్చినది! ఆ భేదాన్ని మనకు ఎవరు నేర్పినారు? అమ్మ నేర్పినది; బడికి పోకముందే వచ్చినది. ఉర్దూలో ‘చల్ బసా’ అంటే మరణించినాడని అర్థము. ‘చల్నా’ నడుచుట, ‘బస్నా’ నివసించుట. రెండు కలిసి మరణమైనవి. ఇది ఏ వ్యాకరణ సూత్రంతో తేలుతుంది? వినివిని తెలిసికోవలసినదే.

పరుగెత్తని పరుగులు

‘రన్’ నామవాచకంగా కూడ విస్తారమైనదే. మనకు అందరికంటె ముందు గుర్తుకు వచ్చేది క్రికెట్. ఇక్కడ తెలుగువారు ఆ మాటను మాటకు మాటగా ‘పరుగు’ అనే అనువదించుకొన్నారు. అది చక్కగా అతికినది. మొదట్లో వికెట్ల మధ్య నిజంగా పరుగెత్తితేనే పరుగు. తరువాత బంతి హద్దు దాటితే నాలుగు పరుగులు ఇచ్చే పద్ధతి వచ్చినది. 2001లో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాపై మన హైదరాబాదు ఆటగాడు వి.వి.ఎస్. లక్ష్మణ్ 281 పరుగులు చేసినాడు. అందులో 44 ఫోర్లు. అనగా 176 పరుగులు ఫోర్ల రూపంలోనే వచ్చినవి. కాళ్ళకు పని లేకపోయినా వాటిని ‘పరుగులు’ అనే లెక్కపెడుతున్నాము. మాట తన కాళ్ళను విడిచి పెట్టి లెక్కగా మారినది. వార్షికోత్సవంలో చదరంగం పోటీ ముగిసినప్పుడు రెండవ స్థానం వచ్చినవానిని ‘రన్నరప్’ అని పిలుస్తాము. అతడు గంటలకొద్దీ కుర్చీలోనుండి లేవనే లేదు.

గుర్రపు పందెములలో గెలుపు స్థానాలు పొందని గుర్రాల పేర్లను పత్రికలు ‘ఆల్సో ర్యాన్’ అనే శీర్షిక క్రింద వేసేవి. అందునుండి, పోటీలో పాల్గొన్నాడే గాని లెక్కకు రానివాడని అర్థం ఏర్పడినది. మిల్లునుండి ఎంచకుండా, వేరుచేయకుండా వచ్చిన సరుకు ‘రన్ ఆఫ్ ది మిల్’. నేడు సామాన్యమైన దేనికైనా ఆ పేరు. ఖాతాదారులు భయపడి ఒక్కుమ్మడిగా డబ్బు తీసుకొనబోతే అది బ్యాంకు మీద ‘రన్’. కాలం గడిచిన మీదట తేలే ఫలితం ‘ఇన్ ది లాంగ్ రన్’. తండ్రినుండి కొడుకుకు వచ్చిన గుణం వంశంలో ‘రన్’ అవుతున్నదని అంటారు; మనము రక్తంలోనే ఉన్నదని అంటాము. ఉర్దూవారు ‘ఖాన్దానీ’ అని ఒక్క మాటతో ముగిస్తారు.

గుర్తించే విధానం

ఇన్ని అర్థాలు ఎట్లు గుర్తుండవలెను? 645 అర్థాలూ కంఠస్థం చేయవలెనా? ఎవరూ చేయలేరు, ఇంగ్లీషువారూ చేయలేదు. వాక్యం ఎదురైనప్పుడు రెండు ప్రశ్నలు వేసికొంటే చాలావరకు అర్థం తానే బయటపడుతుంది. రన్ అవుతున్నది ఏది? దాని వెంట వచ్చిన మాట ఏది?

రన్ అవుతున్నది కాళ్ళు గల ప్రాణి అయితే పరుగు. ద్రవమైతే ప్రవాహము. యంత్రం, సంస్థ, వాహనం అయితే నడుచుట లేదా నడుపుట. రోడ్డు, గోడ, కాలువ, గడువు అయితే వ్యాపించి ఉండుట. ‘ఒప్పందం మూడేండ్లు రన్ అవుతుంది’ అంటే మూడేండ్లు అమలులో ఉంటుందని భావము. ఆజ్ఞ, చట్టం అయితే చెల్లుట. ఈ అయిదు ఇండ్లు తెలిస్తే తక్కిన అర్థాలలో ఎక్కువ భాగం ఏదో ఒక ఇంటి తలుపు తడుతుంది. మిగిలినవి ఔట్, ఇంటూ, డౌన్ వంటి సహచరులతో వచ్చేవి. వాటిని మాత్రం జంటగానే నేర్వవలెను, జంటగానే గుర్తుంచుకొనవలెను. ఒంటరి మాటను వ్రాసికొనడం వల్ల ప్రయోజనం లేదు. వాక్యంతో సహా వ్రాసికొనవలెను.

విద్యార్థులు ఒక నోటు పుస్తకంలో పేజీకి ఒక క్రియను తీసికొని, మూడు వరుసలు గీచి, మొదటి వరుసలో ఇంగ్లీషు వాక్యం, రెండవదానిలో తెలుగు, మూడవదానిలో ఉర్దూ వ్రాసి చూడవలెనని నా సూచన. ‘రన్’తో మొదలుపెట్టి ‘గెట్’, ‘టేక్’, ‘మేక్’, ‘సెట్’ అనే మాటలకు సాగవచ్చును. ఉర్దూ తెలిసిన విద్యార్థి ప్రక్కన తెలుగు తెలిసిన విద్యార్థి కూర్చుంటే ఈ పని మరింత సుగమము. ఒకరికి తెలియని నుడికారం మరొకరికి తెలిసి ఉంటుంది.

ఇట్టి పని మన ప్రాంతానికి క్రొత్త కాదు. సి.పి. బ్రౌన్ 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించడమే గాక, తెలుగులో కలిసిన అన్యభాషా పదాలకు 1854లో ప్రత్యేకంగా మరొక నిఘంటువును అచ్చు వేయించినాడు. 1918లో ఉర్దూ బోధనాభాషగా వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కొరకు, అంతకు ముందటి సంవత్సరమే అనువాద శాఖ ఏర్పడి శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చినది. ఆ శాఖతో సంబంధం గల మౌల్వీ అబ్దుల్ హక్ సంపాదకత్వంలో పెద్ద ఇంగ్లీషు–ఉర్దూ నిఘంటువు 1937లో వెలువడినది. ఇంగ్లీషు బోధనను శాస్త్రీయంగా పరిశీలించే కేంద్ర సంస్థ 1958లో హైదరాబాదులోనే వెలసినది. అదే నేటి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయము. ఇంగ్లీషు మాతృభాష కానివారి ఇబ్బందులను గుర్తించి, మాట ఏ మాటలతో కలుస్తుందో చూపే నిఘంటువును ఎ.ఎస్. హార్న్‌బీ జపానులో తన బోధనానుభవం నుండి తయారు చేసినాడు. 1948లో ఆక్స్‌ఫర్డువారు దానిని ప్రకటించినారు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. గ్రంథాలయంలో ఒక్క ప్రతి ఉండి, అదీ బీరువాలో తాళం వేసి ఉంటే నిఘంటువు నిరుపయోగము. హార్న్‌బీ బాటలో వచ్చిన అభ్యాసకుల నిఘంటువులు నాలుగైదు ప్రతులు, ఒక ఇంగ్లీషు–తెలుగు, ఒక ఇంగ్లీషు–ఉర్దూ నిఘంటువు విద్యార్థుల చేతికి అందేటట్లు బల్లమీదనే ఉంచగలిగితే, అది పెద్ద ఖర్చు కాదు, పెద్ద మేలు. సెల్‌ఫోనులో అర్థం దొరుకుతుంది కదా అనవచ్చును. దొరుకుతుంది, కాని తొందరలో కంటికి మొదట కనబడిన అర్థాన్నే తీసికొంటాము. మొదట కనబడేది ఎప్పుడూ ‘పరుగెత్తు’నే. పేజీ తెరచినవానికి ఒకే చూపులో యాభై అర్థాలు కనబడతాయి. మాట ఎంత పెద్దదో అప్పుడు తెలుస్తుంది.

విద్యార్థి మిత్రులకు చివరి మాట. ఎంకపల్లి వంటి పల్లెలనుండి, ఇంటిలో ఇంగ్లీషు వినబడని కుటుంబాలనుండి మీలో చాలామంది వస్తున్నారు. మీ తరగతిలో ఎవరైనా రేపు ‘మై ఫాదర్ వాక్స్ ఎ షాప్’ అన్నారనుకొనండి. వ్యాకరణం ప్రకారం అది తప్పే, దిద్దవలసినదే. కాని నవ్వవలసిన తప్పు కాదు. ఆ విద్యార్థి తన భాషలో సరిగా ఆలోచించినాడు; ఇంగ్లీషులో ఆ పనికి వేరొక క్రియ ఉన్నదని మాత్రమే అతనికి తెలియదు. అది చెప్పడానికి అర నిమిషం చాలును. ఆ నవ్వు నుండి తేరుకొనడానికి నాకు ఒక సంవత్సరం, ఒక పేపరు పోయినవి.

మా నాన్నగారు ఆ దుకాణం చాలా ఏండ్లు నడిపినారు. నా చదువు దానిమీదనే నడిచినది.